రెండు నెలలుగా దద్దుర్లు తగ్గట్లేదు, నాకు ఏ తిండి పడట్లేదో ఎలా కనిపెట్టాలి?

అత్తిలి_ఆడపడుచు:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. నాకు 34 ఏళ్లు, హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం, పుట్టిల్లు అత్తిలి దగ్గర. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక ఒకరోజు సాయంత్రం నడుము చుట్టూ, తొడల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. దోమలేమో అనుకున్నా. రాత్రయ్యేసరికి చేతులు, వీపు, చివరికి అరికాళ్లలో కూడా దురద. ఒకచోట తగ్గి ఇంకోచోట లేస్తాయి, పొద్దున్నే చూసుకుంటే చర్మం మీద ఏమీ ఉండదు, ఆఫీసులో ఎవరికైనా చెప్తే నమ్మరు కూడా. అప్పట్నుంచి దాదాపు రోజూ ఇదే వరస, రెండు నెలలు దాటింది.

ఇంటి దగ్గర క్లినిక్‌కి వెళ్తే ఇంజెక్షన్ చేస్తారు, చీటీలో అవిల్, డెక్సా అని ఉంది. ఆ రాత్రి హాయిగా పడుకుంటా, రెండ్రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ మొదలు. లెవోసిట్రిజిన్‌లో మాంటెలుకాస్ట్ కలిసిన మాత్ర ఇచ్చి దురద వచ్చినప్పుడు వేసుకోమన్నారు, అలాగే వేసుకుంటున్నా. మా అత్తయ్యగారు ముందు వంకాయ, గోంగూర మానిపించారు, తర్వాత గుడ్లు, చేపలు, రొయ్యలు, ఆ తర్వాత మినుములు, వేరుశనగలు. ఇప్పుడు నా తిండి బీరకాయ, సొరకాయ, చారన్నం. అయినా తగ్గలేదు. ల్యాబ్ వాళ్ల దగ్గర అలర్జీ ప్యాకేజీ అని ఒక రక్తపరీక్ష ఉంటే అదీ చేయించాం, దాంట్లో శనగపప్పు, టమాటా, గోధుమ, రొయ్య, బొద్దింక, దుమ్ములో పురుగు అని పెద్ద జాబితా ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ఇవి కూడా మానేస్తే ఇక గాలి పీల్చి బతకాలి.

పోయిన వారం పొద్దున్న లేచేసరికి పై పెదవి వాచిపోయి ఉంది, సాయంత్రానికి తగ్గింది గానీ అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నా ప్రశ్నలు ఏంటంటే, ఏ తిండి పడట్లేదో కనిపెట్టే పద్ధతి ఏదైనా ఉందా? ఆ మాత్ర రోజూ వేసుకుంటే అలవాటైపోతుందంటున్నారు, నిజమేనా? ఇంట్లో ఐదేళ్ల బాబు ఉన్నాడు, వాడికి అంటుకుంటుందా?

మిర్యాలగూడ_మామ:
మా నాయనమ్మ అయితే దద్దుర్లు లేస్తే నల్ల గొంగడి కప్పి, దాంతోనే ఒళ్లంతా రుద్దేది. మా దిక్కు ఇప్పటికీ చేస్తరు. తర్వాత వేపాకు వేసి కాచిన నీళ్లతో స్నానం. మందులు ఎన్ని వాడినా లాభం లేనప్పుడు ఇది చేసి చూడు చెల్లీ, పోయేదేముంది.

గోకుడు_బాధితురాలు_వైజాగ్:
గొంగడి మాత్రం వద్దండీ బాబూ. నాకు ఇదే జబ్బు కొన్నేళ్లు ఉండి ఇప్పుడు తగ్గింది, ఆ టైములో చర్మాన్ని దేనితో రుద్దినా రుద్దినచోటల్లా గీతలు లేచేవి. గోరుతో పేరు రాస్తే ఐదు నిమిషాల్లో అక్షరాలు ఉబ్బి కనపడేవి, మా పిల్లలకి అదో ఆట. దాన్ని డెర్మోగ్రాఫిజం అంటారట. వేడి కూడా పెంచుతుంది, కాబట్టి ఆ వేడినీళ్ల స్నానం, కంబళి కప్పుకోవడం రెండూ నాలాంటి వాళ్లకి దురద ఎక్కువ చేసేవే. తడిగుడ్డ, ఫ్యాన్, వదులుగా ఉండే నూలు బట్టలు, దురద పెట్టేచోట కాలమైన్ లోషన్, వీటితో నాకు కాస్త ప్రాణం కుదుటపడేది.

అత్తిలి గారూ, మీకు మొదట నడుము చుట్టూ లేచాయి అన్నారు కదా. లోపలి బట్టల ఎలాస్టిక్, జీన్స్ నడుము, లంగా బొందు, హ్యాండ్‌బ్యాగ్ పట్టీ, ఇవి ఒత్తుకున్నచోట ఎక్కువ వస్తున్నాయేమో గమనించండి. అరికాళ్లు కూడా అన్నారు, ఎక్కువసేపు నిలబడ్డ రోజు వస్తున్నాయా? ఒత్తిడి వల్ల వచ్చేవి వెంటనే రావు, కొన్ని గంటల తర్వాత లేస్తాయి, అందుకని మనకి లింకు తట్టదు. ఇంకోటి, నెలసరి టైములో కడుపునొప్పికి, తలనొప్పికి ఏ మాత్ర వేస్తున్నారు? నాకు ఐబుప్రోఫెన్ వేసిన రోజు డబుల్ అయ్యేవి. ఈ ముక్క నాకు చెప్పింది స్కిన్ డాక్టరు గారు, అప్పటిదాకా ఎవరూ అడగనే లేదు.

ఫోటోలు తీసి పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేది పొద్దున పూట, మన దద్దుర్లు వచ్చేది రాత్రి, అక్కడ ఖాళీ చర్మం చూపించి కథ చెప్పాల్సి వస్తుంది. ఒక దద్దు చుట్టూ పెన్నుతో గీత గీసి, అది అక్కడే ఎన్ని గంటలు ఉంటోందో చూడమని కూడా మా డాక్టరు చెప్పారు, ఎందుకో ఆయన మాటల్లో చెప్తే నాకు సరిగ్గా గుర్తులేదు గానీ అది ముఖ్యం అన్నారు.

కర్నూలు_చర్మవైద్యుడు:
పైన వైజాగ్ మేడమ్ చెప్పినవి చాలావరకు కరెక్టు. నేను చర్మవైద్యుణ్ణి, మిమ్మల్ని చూడకుండా మందు రాయను గానీ మీరు చెప్పిన కథ మా ఓపీలో రోజూ వినేదే కాబట్టి విషయం వివరంగా చెప్తాను.

దద్దుర్లు ఆరు వారాలు దాటినా దాదాపు రోజూ వస్తుంటే దాన్ని దీర్ఘకాలిక రకం, క్రానిక్ అర్టికేరియా అంటాం. ఈ రకానికి తిండి కారణం కావడం చాలా చాలా అరుదు. తిండి అలర్జీ దాక్కునే రకం కాదు. తిన్న కొన్ని నిమిషాల్లో, సాధారణంగా రెండు గంటల లోపు బయటపడుతుంది, తిన్నప్పుడల్లా వస్తుంది, తినకపోతే రాదు, చాలామందికి డాక్టరు కంటే ముందే తెలిసిపోతుంది. మీకు బీరకాయ, చారన్నం తిన్న రోజు కూడా వస్తున్నాయి. ఇంకా ఏ తిండి అని వెతకడం ఎందుకు?

మరి ఎందుకొస్తాయి అంటే, చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి, వాటిలో హిస్టమిన్ నిల్వ ఉంటుంది. అది బయటికొస్తే అక్కడి సన్నని రక్తనాళాలు విప్పారి వాటిలోంచి నీరు చర్మంలోకి ఊరుతుంది, అదే దద్దు. నరాల కొసలకి హిస్టమిన్ తగిలితే దురద. రొయ్య పడని మనిషిలో రొయ్య ప్రోటీన్ ఆ కణాల్ని రెచ్చగొడుతుంది. మీలాంటి వాళ్లలో బయటి నుంచి ఏదీ రానక్కర్లేదు, చాలామందిలో సొంత రోగనిరోధక వ్యవస్థ తయారుచేసిన యాంటీబాడీలే ఆ కణాల్ని కదిలిస్తుంటాయి. అందుకే ఈ జబ్బున్నవాళ్లలో థైరాయిడ్ సమస్య మామూలు జనంలో కంటే ఎక్కువ కనిపిస్తుంది, అదీ ఇలాంటి సొంత యాంటీబాడీల జబ్బే. ఇది అంటువ్యాధి కాదు, బాబుని దగ్గరికి తీసుకోవచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు.

ఆ ప్యాకేజీ పరీక్ష గురించి కాస్త కఠినంగానే చెప్తాను. రక్తంలో ఫలానా పదార్థానికి ఐజీఈ (అలర్జీ రకం యాంటీబాడీ) ఉందంటే ఒంటికి ఆ పదార్థం పరిచయమైందని మాత్రమే, అది తింటే మీకు అలర్జీ వస్తుందని కాదు. ఏ ఇబ్బందీ లేకుండా గోధుమరొట్టె తినేవాళ్లకి కూడా గోధుమ పాజిటివ్ వస్తుంది. ఇక మీ జాబితాలో రొయ్య, బొద్దింక, దుమ్ము పురుగు మూడూ కలిసి వచ్చాయి చూడండి, ఆ మూడింట్లోనూ ట్రోపోమయోసిన్ అనే ఒకే రకం ప్రోటీన్ ఉంది, ఇంట్లో దుమ్ముకి స్పందించే మనిషికి జీవితంలో రొయ్య తినకపోయినా రొయ్య పాజిటివ్ రావచ్చు. ఏదో ఒకటి తిన్న గంటలో ఒళ్లంతా లేచిన చరిత్ర ఉంటే, ఆ ఒక్క పదార్థానికి పరీక్ష చేస్తే అర్థముంటుంది. వల వేసినట్టు అన్నింటికీ చేస్తే ఇదిగో ఇలా సొరకాయ మిగులుతుంది. మీ జబ్బుకి మొదట చేయాల్సిన పరీక్షలు తక్కువే: రక్తకణాల లెక్క, ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ, థైరాయిడ్ యాంటీబాడీ, మొత్తం ఐజీఈ. మిగతావి మీ లక్షణాల్ని బట్టి.

మందు సంగతి. మీ మాత్ర తప్పు కాదు, వాడే పద్ధతి తప్పు. దురద వచ్చాక వేసుకుంటే హిస్టమిన్ అప్పటికే తన పని చేసేసి ఉంటుంది. హిస్టమిన్ తాళంచెవిలా దూరే చోట ఈ మాత్రలు ముందే కూర్చోవాలి, అంటే దద్దుర్లు ఉన్నా లేకపోయినా రోజూ ఒకే వేళకి వేసుకోవాలి. లెవోసిట్రిజిన్, ఫెక్సోఫెనాడిన్, బిలాస్టిన్, లొరాటడిన్, వీటిలో ఏదో ఒకటి, మత్తు తక్కువగా ఉండే కొత్త తరం మందు. రెండు నుంచి నాలుగు వారాలు చూసి తగ్గకపోతే డాక్టరు పర్యవేక్షణలో అదే మందు మోతాదు నాలుగింతల వరకు పెంచవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. డాక్టరు పర్యవేక్షణ అన్నాను, ఇది చదివి ఈ రాత్రే నాలుగు మాత్రలు మింగకండి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి లెవోసిట్రిజిన్ మోతాదు తగ్గించాల్సి ఉంటుంది కూడా. ఆ మాత్రలకి అలవాటుపడటం అనేది అపోహ. ఆపగానే దద్దుర్లు తిరిగొస్తే సాధారణంగా జబ్బు ఇంకా ఉందని అర్థం. మాంటెలుకాస్ట్ కలపడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది, దద్దుర్లకి దాని ఉపయోగం తక్కువ, పైగా కొందరిలో నిద్ర చెడటం, మనసు బాగోలేకపోవడం జరుగుతుంది. దాని మానసిక దుష్ప్రభావాల మీద అమెరికాలో 2020లో గట్టి హెచ్చరిక జారీ చేశారు కూడా. అది తీసేయొచ్చేమో మీ డాక్టరుని అడగండి.

అప్పటికీ తగ్గకపోతే ఒమాలిజుమాబ్ అని ఇంజెక్షన్ ఉంది, నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు చర్మం కింద. ఖరీదైనదే, కానీ చాలామందికి బాగా పనిచేస్తుంది. దాని తర్వాత సైక్లోస్పోరిన్ అని రోగనిరోధక వ్యవస్థని అణిచే మందు, బీపీ, కిడ్నీ పరీక్షలు చూసుకుంటూ.

మీరు వేయించుకుంటున్న డెక్సా మాత్రం ఆపాలి. అది స్టీరాయిడ్. బాగా ఎక్కువైన రోజుల్లో ఒక వారం, పది రోజుల లోపు కోర్సుగా మేమూ వాడతాం, కానీ వారం వారం సూది పొడిపించుకుంటూ పోతే షుగర్, బీపీ, ఎముకలు బలహీనపడటం, బరువు, ముఖం ఉబ్బటం, ఇవన్నీ క్యూలో ఉంటాయి. ఆ రెండ్రోజుల హాయికి ఇంత ధర పెట్టక్కర్లేదు. అవిల్ పాత తరం అలర్జీ మందు, వేస్తే మత్తు వస్తుంది, ఆ రోజు స్కూటీ నడపకండి.

పెన్నుతో గీత గీయమన్న సంగతి ఎందుకంటే, మామూలు దద్దు ఏదైనా 24 గంటల్లోపు మచ్చ లేకుండా మాయమవుతుంది, కొత్తవి వేరేచోట వస్తాయి. ఒకే దద్దు రోజు దాటి అక్కడే ఉండి, దురద కంటే మంట, నొప్పి ఎక్కువుండి, పోయాక గాయం తగిలినట్టు నల్లటి మచ్చ మిగిలితే అది రక్తనాళాల వాపు కావచ్చు, చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలి. దద్దుర్లతో పాటు జ్వరం, కీళ్ల నొప్పులు ఉన్నా చెప్పాలి.

పెదవి వాపు ఈ జబ్బులో చాలామందికి వస్తుంది, లోపలి పొరలో నీరు ఊరడం వల్ల, రెండుమూడు రోజుల్లో తగ్గుతుంది. అదొక్కటే అయితే భయపడక్కర్లేదు. కానీ నాలుక వాచినా, గొంతు మారినా, మింగలేకపోయినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయేట్టున్నా, దద్దుర్లతో కలిసి వాంతులు ఆగకుండా అవుతున్నా అది వేరే కథ. అప్పుడు మాత్ర వేసి చూద్దాం అని కూర్చోవద్దు, 108.

నెల్లూరు_రొయ్యల_చెరువు:
డాక్టరు గారు చివర్లో 108 అని ఒక్క ముక్కలో చెప్పేశారు, ఆ ప్రమాదం గురించి నేను కొంచెం చెప్పాలి. మా తమ్ముడికి రొయ్యలు పడవు. మేం సాగు చేసేదే రొయ్యలు, వాడు చిన్నప్పట్నుంచి తిన్నాడు, పెద్దయ్యాక ఒక పెళ్లి భోజనంలో తిన్న కాసేపటికే అరచేతులు దురద, తర్వాత ఒళ్లంతా లేచి, గొంతు పట్టేసింది, కక్కుకున్నాడు, నిలబడలేకపోయాడు. దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అక్కడ అవిల్ పొడిచి పడుకోబెట్టారు, బీపీ పడిపోతూనే ఉంది. అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి మారిస్తే వాళ్లు తొడకి అడ్రినలిన్ చేశారు, నిమిషాల్లో మనిషి కళ్లు తెరిచాడు.

తర్వాత మాకు అక్కడి డాక్టరమ్మ చెప్పింది ఇది: అలాంటి రియాక్షన్‌లో ప్రాణం కాపాడే మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే, కండలోకి, తొడ బయటి వైపు మధ్యలో చేయాలి. అవిల్, స్టీరాయిడ్ తర్వాత ఇస్తారు గానీ అవి దాని బదులు కాదు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టాలి, లేపి నడిపించకూడదు. తగ్గిపోయిందని వెంటనే ఇంటికి రాకూడదు, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు, అందుకని ఆసుపత్రిలోనే పరిశీలనలో ఉంచుతారు. బయటి దేశాల్లో పెన్నులాగా ఉండే అడ్రినలిన్ ఇంజెక్టర్ జేబులో పెట్టుకుంటారట, మన దగ్గర అది సులభంగా దొరకదు, అందుకని మా వాడికి యాంపూల్, సిరంజి ఇచ్చి, ఎంత తీయాలో, ఎలా పొడవాలో మా మరదలికి నేర్పించారు. పెళ్లిళ్లలో వడ్డించేవాడు ఒకే గరిటె అన్నింట్లో పెడతాడు కాబట్టి వాడు బయట నాన్‌వెజ్ వరస వైపే పోడు. రొయ్యలు చెరువు మీద అమ్ముతాం, ఇంట్లోకి మాత్రం రానివ్వం.

ఇంకో సంగతి, చేపల మీద కూడా ఊరికే నింద వేయకండి. మా వైపు కానాగంతలు, తూర లాంటివి ఐసులో సరిగ్గా పెట్టకపోతే తిన్నవాళ్లందరికీ ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. ఇంట్లో నలుగురికీ ఒకేసారి వస్తే అది అలర్జీ ఎలా అవుతుంది?

కర్నూలు_చర్మవైద్యుడు:
నెల్లూరు అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఆ చేపల్లో చల్లదనం తప్పితే బ్యాక్టీరియా వల్ల హిస్టమిన్ పేరుకుపోతుంది, ఎంత ఉడికించినా పోదు. చేప పడకపోవడం కాదు, చేప పాడవడం. మంచి చేప హాయిగా తినొచ్చు.

చలి_పడని_చికాగో:
నాది ఇంకో రకం, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. ఖమ్మంలో ఉన్నన్నాళ్లూ ఏమీ లేదు, ఎంఎస్‌కి ఇక్కడికొచ్చిన మొదటి చలికాలంలో బస్సు కోసం నిలబడితే ముఖం, చేతులు దద్దుర్లు, లోపలికొచ్చి వెచ్చబడుతుంటే ఇంకా ఎక్కువ. రూమ్మేట్లు సబ్బు మార్చు, డిటర్జెంట్ మార్చు అన్నారు. క్యాంపస్ క్లినిక్‌లో ప్లాస్టిక్ కవర్లో ఐసుముక్క పెట్టి ముంజేతి మీద ఐదు నిమిషాలు ఉంచారు, తీశాక చర్మం వెచ్చబడుతుంటే ఐసు పెట్టిన మేర ఉబ్బింది. చలి వల్ల వచ్చే దద్దుర్లు అన్నారు. వాళ్లు మరీ మరీ చెప్పింది ఒకటే, చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దూకొద్దు, ఒళ్లంతా ఒకేసారి హిస్టమిన్ వదిలితే నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు అని. ఎండాకాలంలో ఫ్రెండ్సంతా మిషిగన్ లేక్‌లో దూకుతుంటే నేను ఒడ్డున కూర్చుంటా. మంచినీళ్లు కూడా ఐసు లేకుండా.

చిన్న చిట్కా, ఫెక్సోఫెనాడిన్ వాడేవాళ్లు దాన్ని ఆరెంజ్ జ్యూస్, యాపిల్ జ్యూస్‌తో మింగొద్దు, మందు ఒంటికి సరిగ్గా పట్టదు. నీళ్లతోనే.

ధర్మవరం_రైతుబిడ్డ:
డాక్టరు గారూ, మా నాయనకి మెడ, ముఖం, మోచేతి మడతల్లో దురద, తోలు మందంగా నల్లగా అయిపోయింది. ఎండాకాలం వస్తే ఎక్కువ. సిట్రిజిన్ రోజూ వేసినా తేడా లేదు. ఇది కూడా దద్దుర్లేనా? పొలం గట్ల మీద వయ్యారిభామ విపరీతంగా ఉంది.

కర్నూలు_చర్మవైద్యుడు:
ఇది దద్దుర్లు కాదు, మీ అనుమానం సరైనదే. వయ్యారిభామ వల్ల వచ్చే చర్మం జబ్బు గంటల్లో వచ్చి పోయేది కాదు, తగిలిన ఒకటి రెండు రోజులకి మొదలై వారాలు, నెలలు ఉంటుంది, హిస్టమిన్ పాత్ర తక్కువ కాబట్టి సిట్రిజిన్‌తో లాభం ఉండదు. ఆ మొక్క ఎండి పొడై గాల్లో ఎగురుతుంది, అందుకే బట్ట కప్పని ముఖం, మెడ, మోచేతి మడతలకి పడుతుంది. ప్యాచ్ పరీక్ష అని వీపు మీద అతికించి రెండు రోజుల తర్వాత చూస్తారు, దాంతో ఖాయం అవుతుంది. పైపూత మందులు, అవసరమైతే లోపలికి మందులు చర్మవైద్యుడి దగ్గరే. ఆయన్ని కలుపు పీకనివ్వకండి, వేరేవాళ్లు తీసినా పూతకి రాకముందే, చేతులకి తొడుగులతో. తగలబెడితే పొగ కూడా పడదు. తలకి వేసే రంగు, బొట్టుబిళ్ల జిగురు, గిల్టు నగల్లో నికెల్ వల్ల వచ్చేవి కూడా ఈ కోవలోవే. గొంగళిపురుగు నూగు, దూలగొండి నూగు గుచ్చుకుని వచ్చే దురదలు మళ్లీ వేరు, వాటికి సెల్లోటేపు అంటించి నూగు లాగేయాలి, రుద్దితే ఇంకా లోపలికి పోతుంది.

అత్తిలి_ఆడపడుచు:
అందరికీ చాలా థ్యాంక్స్. వైజాగ్ అక్కా, మీరడిగింది నిజమే, నెలసరి నొప్పికి నేను వేసేది మెఫెనమిక్ యాసిడ్ మాత్ర. పెదవి వాచింది ఆ మర్నాడే, ఇప్పుడు క్యాలెండర్ చూస్తే తెలుస్తోంది. డాక్టరు గారూ, దాని బదులు ఏం వేసుకోవచ్చు? ఈ జబ్బు జీవితాంతం ఉంటుందా? రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నాం, ఆ మాత్రలు అప్పుడు వాడొచ్చా?

కర్నూలు_చర్మవైద్యుడు:
నొప్పికి పారాసెటమాల్ చాలామందికి పడుతుంది, దాంతో మొదలుపెట్టండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, మీరు వాడినది, ఇవన్నీ ఒకే కుటుంబం, ఈ జబ్బున్న కొందరిలో దద్దుర్లని రెచ్చగొడతాయి. అసలు కారణం అవి కాదు, ఉన్న మంటకి ఆజ్యం. మందుల షాపులో ఒళ్లునొప్పులని చెప్పి తెచ్చుకునే కాంబినేషన్ మాత్రల్లో కూడా ఇవే ఉంటాయి, వెనక అక్షరాలు చదవండి. ఆల్కహాల్, నిద్రలేమి, ఆఫీసు ఒత్తిడి కూడా కొందరికి ఎక్కువ చేస్తాయి.

జీవితాంతం ఉండదు. ఎక్కువమందికి కొన్ని నెలల నుంచి కొన్నేళ్లలో దానంతటదే సద్దుమణుగుతుంది, అప్పటిదాకా మాత్రతో అదుపులో పెట్టుకోవడమే వైద్యం. వారం పాటు రోజూ రాత్రి రెండు అంకెలు రాసుకోండి, దద్దుర్లకి సున్నా నుంచి మూడు, దురదకి సున్నా నుంచి మూడు. వారానికి గరిష్ఠం 42 వస్తుంది. మాకు 'బాగా ఉంది డాక్టర్' అనే మాట కంటే ఆ అంకె ఎక్కువ పనికొస్తుంది, మోతాదు పెంచాలా దించాలా దాన్నిబట్టి తేలుస్తాం. గర్భం వచ్చాక లొరాటడిన్, సిట్రిజిన్ లాంటివి అవసరమైతే వాడతాం, అయినా ప్లాన్ చేసేముందే మీ డాక్టరుకి చెప్పండి.

గుడ్లు, పప్పులు, పెరుగు మళ్లీ తినడం మొదలుపెట్టండి. వంకాయ కూడా. వంకాయ తింటే కొందరికి నోరు జిలపెడుతుంది, వాళ్లు మానేస్తే సరిపోతుంది, ఊరందరికీ నిషేధం పెట్టక్కర్లేదు.

తెనాలి_బుజ్జి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారికి దద్దుర్లు ఏమీ లేవు, కానీ ఈమధ్య రెండుసార్లు నాలుక, పెదవులు వాచాయి. అవిల్ చేస్తే ఏమీ తగ్గలేదు. వయసు 66, బీపీకి మాత్ర వాడుతున్నారు.

కర్నూలు_చర్మవైద్యుడు:
ఆ బీపీ మాత్ర పేరు చివర 'ప్రిల్' అని ఉందా? రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి? అయితే ఈరోజే ఆ డాక్టరుకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పి, వేరే రకం మందు మార్పించండి. ఆ గుంపు మందుల వల్ల దురద, దద్దుర్లు లేకుండా నాలుక, పెదవులు వాచడం తెలిసిన సంగతే, ఏళ్ల తరబడి వాడుతున్నా ఉన్నట్టుండి రావచ్చు. అది హిస్టమిన్ వల్ల కాదు, బ్రాడికైనిన్ అనే వేరే పదార్థం వల్ల, అందుకే అవిల్‌కి లొంగలేదు. మళ్లీ నాలుక వాస్తే మాత్రం ఎదురు చూడకుండా ఎమర్జెన్సీకి.

తెనాలి_బుజ్జి:
రామిప్రిలే అండీ!! ఫోన్ చేస్తున్నా. మరొక్కటి, మా అక్క కూతురికి నాలుగేళ్లు, జ్వరం, జలుబుకి అమాక్సిసిలిన్ సిరప్ ఇస్తే మూడోరోజు ఒళ్లంతా ఎర్రగా లేచింది, ఇక జన్మలో పెన్సిలిన్ రకం వాడొద్దని రాసిచ్చారు. నిజంగా అంతేనా?

కర్నూలు_చర్మవైద్యుడు:
అంతే అని ఇప్పుడే తేల్చలేం. చిన్నపిల్లల్లో వైరస్ జ్వరంతోనే దద్దుర్లు రావడం చాలా మామూలు, ఆ టైములో ఏ సిరప్ వేస్తే నింద దాని మీద పడుతుంది. నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం మంటపెట్టి ఊడటం లాంటివి ఉంటే ఆ మందు మళ్లీ జోలికి పోకూడదు, అది ప్రమాదకరమైన రియాక్షన్. అవేమీ లేకుండా ఉత్త దద్దుర్లే అయితే, పాప కోలుకున్నాక అలర్జీ చూసే పిల్లల డాక్టరు దగ్గర పరీక్షించి, అవసరమైతే ఆసుపత్రిలోనే చిన్న మోతాదు ఇచ్చి చూస్తారు. ఇలా చూసినప్పుడు ఎక్కువమంది పిల్లలకి ఆ మందు పడుతుందనే తేలుతుంది. అప్పటిదాకా ఆ చీటీ, అప్పుడు తీసిన ఫోటోలు, సిరప్ మొదలుపెట్టిన తేదీ, దద్దుర్లు వచ్చిన తేదీ ఒక దగ్గర పెట్టమనండి. ఇంట్లో ఆ సిరప్ మిగిలి ఉంటే వేసి చూద్దాం అని మాత్రం అనుకోవద్దని చెప్పండి.